ముంపు కాలనీ అమ్మాయి రాసిన వ్యాసం

వినుకొండలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఆర్థిక శాస్త్రం చెబుతాను. ఇన్నేళ్ళలో పిల్లల చేత చాలా సెమినార్ వ్యాసాలు రాయించాను. వాటిలో సగానికి పైగా దేని గురించో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఒక్కటి మాత్రం మరిచిపోదామన్నా మరపు రావటం లేదు.

మూడేళ్ళ కిందట చుట్టుపక్కల కాలేజీలన్నీ కలిసి వలసల మీద విద్యార్థుల సెమినార్ పెట్టాయి. అంశాల జాబితా నా దగ్గరికి వచ్చింది. గల్ఫ్ వలసలు, పత్తి తీతకు వచ్చే కూలీలు, హైదరాబాద్ భవన నిర్మాణ పనులు, ఇలాంటివన్నీ పిల్లలు వెంటనే పంచుకున్నారు. ఒకటి ఎవరికీ పట్టలేదు. అమెరికాలో భాగమైన హవాయి దీవుల్లో స్థిరపడ్డ జపాన్ వలసదారుల ఆర్థిక స్థితినీ, అక్కడికే తర్వాత వచ్చిన మార్షల్ దీవుల వాళ్ళ స్థితినీ పోల్చి రాయటం. ఆ దీవులు మ్యాపులో ఎక్కడున్నాయో కూడా పిల్లలకు తెలియదు. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, నేను రాస్తానండి మేడమ్, అంది.

ఆ అమ్మాయిది మార్కాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ ఊరు జలాశయం కింద మునిగిపోతే, నష్టపరిహారం తీసుకుని, మా వైపు రోడ్డు పక్కన వేసిన కాలనీలో చేరారు. ఆ కాలనీకి ఏదో పేరు పెట్టారు గానీ, అందరం ముంపు కాలనీ అనే అంటాం. వాళ్ళ ఊళ్ళో సొంత పొలం ఉండేదట. ఇక్కడ తల్లి మిరప కోతలకు వెళ్ళేది. తండ్రి వచ్చిన రెండేళ్ళకే పోయాడు. ఈ వివరాలన్నీ నాకు తర్వాత తెలిసినవి. అప్పటికి నాకు తెలిసింది, ఆ పిల్ల ఇంగ్లీషు బాగా చదువుతుందనీ, ప్రశ్న అడిగితే ఆలోచించి గానీ జవాబు చెప్పదనీ, అంతే.

నెల రోజులు లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క మంచి కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు మూడు రోజులకోసారి స్టాఫ్ రూముకి వచ్చి చదివింది చెప్పేది. జపాన్ వాళ్ళు చెరకు తోటల్లో కూలీలుగా వచ్చారని, ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చారని, మేస్త్రిల చేత దెబ్బలు తిన్నారని, కూలి పెంచమని సమ్మెలు చేశారని చెప్పింది. వాళ్ళు తలా కొంత వేసుకుని, వంతుల వారీగా ఒక్కొక్కరు తీసుకునే పద్ధతి ఒకటి పెట్టుకున్నారని చదివిన రోజు ఆమె మొహం వెలిగిపోయింది. "ఇవి మన చీటీలే కదండీ మేడమ్" అంది. వాటితోనే కొట్లు పెట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. మనవళ్ళ కాలానికి టీచర్లు, ఆఫీసర్లు, నాయకులు అయ్యారు.

మార్షల్ దీవుల వాళ్ళ గురించి చదవటం మొదలుపెట్టాక ఆ పిల్ల మాట తగ్గింది. వాళ్ళ దీవుల్లో అమెరికా అణుబాంబు పరీక్షలు చేసింది. కొన్ని దీవుల మనుషుల్ని ఖాళీ చేయించారు. కొంతమందికి తిరిగి వెళ్ళే వీలే లేకపోయింది. అమెరికాతో కుదిరిన ఒప్పందం ప్రకారం వాళ్ళు వీసా లేకుండా అమెరికా వచ్చి పని చేసుకోవచ్చు. కానీ జబ్బు చేస్తే సర్కారు వైద్యసాయం చాలా ఏళ్ళు వాళ్ళకు అందకుండా పోయింది. చిన్న ఉద్యోగాలు, ఒక ఇంట్లో రెండు మూడు కుటుంబాలు. ఒకరోజు స్టాఫ్ రూములో నిలబడి, "వాళ్ళకి తిరిగి వెళ్దామంటే ఊరు లేదు కదండీ" అంది. నేను అటెండెన్స్ రిజిస్టర్ నింపుకుంటూ, అవునమ్మా, అది కూడా రాయి అన్నాను.

మొదటి ప్రతి ఇరవై పేజీలు తెచ్చింది. చేతిరాత గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంది. అంతా బాగానే ఉంది, ముగింపు దగ్గర నేను ఆగాను. అక్కడ ఆమె రాసింది దాదాపు ఇది. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు ఎక్కువ సంపాదించారని అడగటం సరికాదు. ఒకరు వెనక ఊరు ఉండగా వచ్చారు, వాళ్ళకు ఇక్కడ నాలుగు తరాల కాలం దొరికింది. రెండో వాళ్ళ ఊరినే వేరేవాళ్ళ అవసరానికి తీసుకున్నారు. మొదటి వాళ్ళకు కాలం ఎంత కూడబెట్టి ఇచ్చిందో లెక్కించాలి, రెండో వాళ్ళ దగ్గర ఎంత తీసుకుపోయారో కూడా లెక్కించాలి. దాని కింద ఒక పేరా తమ కాలనీ గురించి ఉంది.

నేను ఎర్ర పెన్ను తీశాను. కాలనీ పేరా మొత్తం కొట్టేశాను. సెమినార్ హవాయి గురించి అని పక్కన రాశాను. ముగింపు కూడా కొట్టేసి నేనే కొత్తగా రాసిచ్చాను. జపాన్ వాళ్ళ ఎదుగుదలకు పొదుపు, చదువు మీద శ్రద్ధ, కుటుంబ క్రమశిక్షణ కారణాలని, మార్షల్ దీవుల వాళ్ళు వచ్చిన ప్రతి రూపాయీ బంధువులతో పంచుకోవటం, పండగలకూ విందులకూ ఖర్చు చేయటం వల్ల పెట్టుబడి పోగు చేసుకోలేకపోయారని రాశాను. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన మాటలే గనక పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె ఆ కాగితం చదువుకుంది. "పంచుకోవటం వల్లే పేదవాళ్ళయ్యారని నేను చదివినదాంట్లో ఎక్కడా లేదండీ" అంది.

"ఏడుపు కాదమ్మా మనకు కావాల్సింది. విశ్లేషణ" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ వినబడుతుంది. కోపం లేదు అందులో. అనుభవం ఉన్న మనిషి చిన్నవాళ్ళను దిద్దుతున్న గొంతు అది. ఆ పిల్ల సరేనండీ అని కాగితాలు తీసుకుని వెళ్ళింది.

నేను అంత తేలిగ్గా రాయగలగటానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా తాత తెనాలి దగ్గర ఎకరం అమ్మి, సాగర్ కాలవ నీళ్ళు రాబోతున్న రోజుల్లో ఈ వైపు ఏడెకరాలు కొన్నాడు. రెండెడ్లు, ఒక విత్తనాల బస్తా తప్ప ఏమీ లేకుండా వచ్చామని, ఒళ్ళు వంచి పని చేసి పైకొచ్చామని మా నాన్న ప్రతి శుభకార్యంలోనూ చెప్పేవాడు. ఆ మాట వింటూ పెరిగాను. పైకి రాని వాళ్ళను చూస్తే, ఒళ్ళు వంచలేదు కాబోలు అనుకోవటం నాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు.

సెమినార్ మా కాలేజీ హాల్లోనే జరిగింది. ఫిబ్రవరి నెల, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఆ అమ్మాయి తల్లి పని మానుకుని వచ్చింది. వెనక వరసలో, గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఆమెను చూడగానే నాకు గుర్తొచ్చింది. మా తమ్ముడి చేలో కోతకు వచ్చే ముఠాలో మనిషి. కల్లంలో కాయలు ఆరబోస్తుండగా రెండు మూడుసార్లు చూశాను. ఆమె కూతురే ఈ పిల్ల అని నాకు అప్పటిదాకా తెలియదు. చేతులు మంట పెడుతున్నాయేమో, కొంగులో చుట్టుకుని కూర్చుంది.

వ్యాసాలు తెలుగులోనే చదవాలని నియమం. ఆ పిల్ల తడబడకుండా చదివింది. ముగింపు దగ్గరికి వచ్చేసరికి తలెత్తలేదు, గొంతు తగ్గలేదు, నేను రాసిచ్చింది రాసిచ్చినట్టు చదివి దిగింది. చప్పట్లు కొట్టారు. రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన, ముగింపులో ఉన్న స్పష్టత తనకు బాగా నచ్చిందని ప్రత్యేకంగా చెప్పారు. నేను నవ్వుతూ చూశాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

అందరూ భోజనాలకు కదులుతుండగా తల్లి నా దగ్గరికి వచ్చింది. నమస్కారం పెట్టింది. పిల్లను ఇంత చదివిస్తున్నందుకు సంతోషమని చెప్పింది. వెళ్ళబోతూ ఆగింది.

"ఆ దీవులోళ్ళు అందరికీ పంచిపెట్టుకుంటారనే గదమ్మా తప్పు పట్టారు?" అని అడిగింది.

తప్పు పట్టటం కాదు, కారణం చెప్పటం అన్నాను.

"మేమూ అంతేనమ్మా. కాలనీలోకొచ్చిన మొదటేడు పనుల్లేవు. ఒకింట్లో వండితే నాలుగిళ్ళోళ్ళం తిన్నాం. ఆ పంచుకోటం లేకపోతే మేం ఆ ఏడే సచ్చిపోయేవాళ్ళం."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నాకు తెలియని సంగతి ఒకటి చెప్పినట్టు చెప్పింది. నేను భోజనం చేసి వెళ్ళమన్నాను. ఆటో వెళ్ళిపోతుందమ్మా అని వెళ్ళిపోయింది.

ఆ వారం నాకు ఏ పనీ కుదురుగా సాగలేదు. ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. అక్కడ మా మేనత్త ఉంది. ఎనభై దాటాయి, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. మనం ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎలా బతికామని అడిగాను. నాన్న చెప్పిన కథే చెబుతుందనుకున్నాను.

"కష్టపడ్డాం, కాదనను. ఈ నేల మీద కష్టపడనిదెవడు? కానీ మొదటి మూడేళ్ళు మాకు తిండిగింజలు మీ నాయనమ్మ పుట్టింటోళ్ళు బండి మీద పంపారమ్మాయ్. తెనాలి నుంచి. అవి రాకపోతే మీ తాత ఈ పొలం అమ్ముకుని తిరిగి పోయేవాడే" అంది.

ఇంకా చెప్పింది. పొలం అంత చవగ్గా ఎందుకొచ్చిందంటే, నీళ్ళు రాకముందు వరసగా కరువులొచ్చి అమ్ముకున్నవాళ్ళ పొలం అది. వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టగలిగి ఉంటే, ఏడెకరాలూ వాళ్ళవే. సహకార సొసైటీలో అప్పు ఇప్పించింది తెనాలి నుంచి వచ్చిన మన వైపు మనిషే. ఇవన్నీ ఆమె గొప్పగా చెప్పలేదు, దాచనూ లేదు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే. కాలవ నీళ్ళు ఎక్కడివి అని నేను అడగలేదు. ఆ డ్యామ్ కింద కూడా ఎవరివో ఊళ్ళు మునిగాయని నాకు తెలుసు. పాఠంగా చెప్పాను కూడా. ఒక్కసారీ మా ఏడెకరాలతో కలిపి ఆలోచించలేదు.

మర్నాడే ఆ అమ్మాయిని పిలిచి, సెమినార్ వ్యాసాలు పుస్తకంగా వేస్తున్నారు, నువ్వు మొదట రాసిన ముగింపు ఇవ్వు, అదే పంపుదాం అన్నాను. అది ఇప్పుడు లేదండీ అంది. నేను ఎర్ర పెన్ను పెట్టిన పేజీలు చింపేసిందట. మళ్ళీ రాయవచ్చు కదా అన్నాను. పరీక్షలున్నాయండీ అంది. నేను తప్పు చేశానమ్మా అన్నాను. అలా అనటానికి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఆ పిల్లకు ఆ మాట పెద్దగా అవసరం ఉన్నట్టు కనిపించలేదు.

"మీరు రాయటం గురించి కాదండీ మేడమ్. మీరిచ్చారు, నేను చదివాను. మా అమ్మ వింటుందని తెలిసి కూడా చదివాను" అంది.

తప్పు నాదని ఎన్నిసార్లు చెప్పినా, ఆ పిల్ల తన వంతు తనే మోసుకుపోతోంది. నేను కొట్టేసింది ఒక పేరా అనుకున్నాను. కాదు, తల్లి ముఖం చూడకుండా నిలబడటం ఆమెకు నేర్పాను.

పరీక్షలయ్యాక గుంటూరులో పీజీ చేయమని, ఫారాలు నేనే తెప్పిస్తానని కబురు పంపాను. రాలేదు. ఒంగోలులో ఏదో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిందని తోటి పిల్లలు చెప్పారు. ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తింది. మర్యాదగా మాట్లాడింది, నా ఆరోగ్యం అడిగింది. ఆర్థిక శాస్త్రం గురించి గానీ, చదువు గురించి గానీ మాట రాలేదు.

తర్వాతి ఏడు మిరప కోతలప్పుడు తమ్ముడి ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. కాలనీ ముఠా ఈసారి మన చేలోకి రాలేదని, పక్క ఊరి రైతు దగ్గరికి పోయారని, కాయ పండి చెట్టు మీదే ఎండిపోతోందని తమ్ముడు చిరాకు పడుతున్నాడు. "వాళ్ళకి నిలకడ లేదక్కా. ఎంత చేసినా ఇంతే" అన్నాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎలా తరం నుంచి తరానికి వస్తుందో నాకు బాగా తెలుసు. చెప్పాల్సింది అప్పుడే. మేనత్త కూడా అక్కడే ఉంది, నేను మొదలుపెడితే సాయం వచ్చేది. నేను మజ్జిగ కలుపుకుని తినేసి లేచాను. మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నాడు. అయితే ఇప్పుడేం చేయమంటావు, అన్నాడు.

సెమినార్ పుస్తకం, సెమినార్ జరిగిన ఏడు వేసవిలోనే అచ్చయి వచ్చింది. అచ్చుకు వెళ్ళేముందు ఆ వ్యాసం ఆపమని అడిగాను. బహుమతి వ్యాసం ఆపటం బాగుండదన్నారు. పోనీ ముగింపు తీసేయమన్నాను, అప్పటికే అచ్చు ప్లేట్లు తయారైపోయాయన్నారు. నేను ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉండవచ్చు. పైవాళ్ళకు అసలు సంగతి చెప్పాలి, విద్యార్థిని పేరు మీద నేను రాశానని ఒప్పుకోవాలి. అది చెప్పలేకపోయాను.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు, వ్యాసం ఎలా రాయాలో చూడమని లైబ్రేరియన్ ఆ పుస్తకమే ఇస్తున్నాడు. పోయిన నెల దాన్ని తెరిచి, ఆ వ్యాసం చివరి పేజీలో ఒక చిన్న కాగితం అంటించాను. ఈ ముగింపు రాసింది విద్యార్థిని కాదు, ఆమెకు పాఠం చెప్పిన నేను, ఇది సరైనది కాదు అని రాసి సంతకం పెట్టాను. మా లైబ్రరీలో ఉన్నది ఒక్క ప్రతే. మిగతావి ఏయే కాలేజీలకు వెళ్ళాయో ఎవరూ రాసి పెట్టుకోలేదు.