పర్మిషన్‌కు ముందే నిలబెట్టిన వాకిలి

ద్వారబంధం పీకింది నేనే. ఊళ్ళో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ముందు తమిళం, తర్వాత తెలుగు. రాత వంకరగా ఉంటే ఉండనీ.

మా ఆయన మేస్త్రి. నేను ఆయన పక్కన సిమెంటు కలిపి అందించిన కూలిదాన్ని. హోసూరులో లేఔట్లు లేచిన కాలమంతా మా ఇద్దరి నడుములూ అక్కడే పోయాయి. ఎవరెవరికో మేడలు కట్టాం. మేం మాత్రం గురుబరపల్లి దగ్గర, హైవేకు ఇవతల, రేకుల షెడ్డులో ఉన్నాం. పక్కనే మా స్థలం ముళ్ళకంపతో పడి ఉండేది. చచ్చేలోపు ఇద్దరం గోడలున్న ఇంట్లో పడుకోవాలని నా పంతం. పెద్ద ఇల్లేం కాదు, ఒక గది, ఒక వంటిల్లు, ముందర అరుగు.

ఈ రోజుల్లో పంచాయతీ కాగితం లేకుండా ఇల్లు కడితే కరెంటు ఇవ్వరు, కొళాయి ఇవ్వరు. అది నాకు తెలుసు. మా ఆయనకూ తెలుసు. కానీ ఆడి నెల, తమిళ లెక్కన ఆషాఢం, దగ్గరపడింది. ఆ నెలలో మా పక్క ఎవరూ ఇల్లు మొదలుపెట్టరు. దానికొక దారి ఉంది. నెల పుట్టకముందే మంచిరోజు చూసి తలవాకిలి నిలబెట్టేస్తే ఇల్లు మొదలైనట్టే. తర్వాత గోడలు ఏ నెలలో లేపినా దోషం లేదంటారు.

"కాగితం రానీ, ఆగు" అన్నాను.

"గోడకు కాగితం కావల్ల. వాకిలికి ఏం కాగితమే? వాకిలి దేవునిది" అన్నాడు.

నేనూ ఒప్పుకున్నాను. ఆ తప్పు ఆయన ఒక్కడి నెత్తిన వేయను. కావేరిపట్టణంలో చేయించిన వేపచెక్క ద్వారబంధాన్ని వట్టి నేలలో రెండు గుంటలు తీసి నిలబెట్టాం. గడప కింద నవధాన్యాలు గుడ్డలో మూటగట్టి పెట్టాం. ఐదుగురు ఆడవాళ్ళు పసుపు పూశారు. పడకుండా వెదురు బొంగులు ఆనించాం. గోడ లేదు, కప్పు లేదు, వాకిలి ఒక్కటే. చుట్టూ అంత ఖాళీ ఉన్నా మేం అందులోంచే నడిచేవాళ్ళం. మేకలు కూడా అలాగే నడిచాయి.

ఆ వారంలోనే కృష్ణగిరిలో ప్లాన్ గీసే ఆయన దగ్గరికి వెళ్ళాను. కంప్యూటర్లో దరఖాస్తు నింపుతూ, "పని మొదలుపెట్టలేదు కదమ్మా?" అని అడిగాడు.

"లేదప్పా" అన్నాను. సంతకం చేశాను. అబద్ధమని నాకు తోచనే లేదు. మేస్త్రి పెళ్ళాన్ని, పని అంటే నాకు పునాది తవ్వడం.

పంచాయతీ నుంచి స్థలం చూడడానికి ఒక క్లర్కు బండి మీద వచ్చాడు. మా పిల్లల వయసువాడు. హెల్మెట్ కూడా తీయలేదు.

"ఇదేందమ్మా?"

"కనబడలేదా? వాకిలి."

"ఇల్లు యాడ?"

"మీరు కాగితం ఇస్తే వస్తాది."

"మొదలుపెట్టలేదని సంతకం చేసుండావు. మరి ఇది ఏంటికి నిలబెట్టినారు?"

మా ఆయన అందుకున్నాడు. "అది పని కాదు సార్, పూజ."

"పూజయితే ఇంట్లో పటం పెట్టి చేసుకో పెద్దాయనా. ఇది భూమిలో దిగి ఉండాది." నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు ఇస్తే వద్దన్నాడు.

వారానికి నోటీసు వచ్చింది. వేలిముద్ర వేసే రోజుల్లో అయితే ఎవరో చదివి చెప్పింది నమ్మేదాన్ని. ఇప్పుడు నేనే కూడబలుక్కుని చదివాను. పదిహేను రోజుల్లో ఆ కట్టడాన్ని తీసేసి ఖాళీ స్థలం ఫోటో పంపాలి, లేకుంటే దరఖాస్తు రద్దు. పదిహేను రోజులూ ఆడిలోనే. చదువు నేర్చినందుకు నన్ను నేను తిట్టుకున్న రోజు అదొక్కటే.

ఆఫీసుకు మూడుసార్లు పోయాను. మొదటిసారి ఆ క్లర్కు లేడు. రెండోసారి ఉన్నాడు, భోజనానికి లేచాడు. మూడోసారి తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డాను.

"సార్, ఆడి పోయి ఆవణి పుట్టేదాకా ఆగండి. పీకితే మళ్ళా నిలబెట్టేదానికి మంచిరోజు కావల్ల."

"కంప్యూటరుకు ఆడీ తెలీదు, ఆవణీ తెలీదమ్మా."

"మీ ఇంటికి వాకిలి ఏ నెలలో నిలబెట్టినారు?"

"తై నెలలో, సంక్రాంతి పోయినాక. దానికేం?"

"పర్మిషన్ వచ్చినాకనా, ముందరా?"

పక్క టేబుల్ ఆమె ఫక్కున నవ్వింది. అతడి మొహం మాడిపోయింది. "నీ నోటికి ఈ జన్మలో పర్మిషన్ రాదు, పో" అన్నాడు. ఆమె నవ్వకపోయి ఉంటే రెండు వారాల గడువైనా ఇచ్చేవాడేమో. నా నోరు నాకు ఎప్పుడూ మేలు చేయలేదు.

ప్లాన్ గీసే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. వేరే ఎవరిదైనా ఖాళీ స్థలం ఫోటో తీసి పంపుదామన్నాడు. "తెలియక ఒక అబద్ధానికి సంతకం చేసినా. తెలిసి ఇంకోటి చెయ్యలేను, పో" అని లేచి వచ్చేశాను.

మా ఆయనకు నోటీసు చదివి వినిపించాను. పీకాలి, వేరే దారి లేదన్నాను.

"నిలబెట్టిన వాకిలిని ఆడిలో పీకుతావా? హోసూరులో ఆ సేట్ ఇంటి వాకిలి మార్చినామే, ఏడాది తిరగకముందే పోయినాడు, మర్చిపోయినావా?"

"ఆయప్ప తాగి తాగి పోయినాడు. వాకిలి పోయించిందా?"

"పీకితే నేను ఆ ఇంట్లో అడుగు పెట్టను. చెప్తా ఉండాను."

"పెట్టకుంటే పో."

అలా అన్నానే గాని, ఆయన మాట మాటే అని నలభై ఏళ్ళుగా నాకు తెలుసు. కాగితం వదులుకుంటే ఇద్దరం షెడ్డులో ఉండిపోతాం. వాకిలి పీకితే ఇల్లు వస్తుంది, ఆయన రాడేమో. మూడు రోజులు దానికీ దీనికీ మధ్య కొట్టుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు గడ్డపార తీసుకున్నాను.

నలభై ఏళ్ళు బరువులు మోసినదాన్ని, ఒక ద్వారబంధం నాకు పెద్ద బరువు కాదు. బొంగులు తీసి, గుంటలు వదులు చేసి, మెల్లగా నేల మీదికి వాల్చాను. గడప కింది మూట చివికిపోయింది. ధాన్యాలు మొలకెత్తి తెల్లగా, సన్నగా పాకి ఉన్నాయి. గడ్డపార పక్కన పెట్టాను. అంతలో కోళ్ళు వచ్చి వాటిని తినడం మొదలుపెట్టాయి. తరమలేదు. గుంటలు పూడ్చి, ఫోటో తీయించి పంపాను.

ఆయన వచ్చి నేల మీద పడి ఉన్న వాకిలిని చూశాడు. చెప్పులు విప్పకుండానే షెడ్డులోకి పోయాడు. తిట్టినా బాగుండేది.

పర్మిషన్ వచ్చింది. ఆవణిలో మంచిరోజు చూసి వేరే మేస్త్రిని పిలిపించాను. పునాది లేచాక అదే ద్వారబంధాన్ని మళ్ళీ నిలబెట్టాం. మా ఆయన షెడ్డు ముందర కూర్చుని చూస్తూ ఉన్నాడు గాని లేచి రాలేదు. గోడలు లేచాయి, కప్పు పడింది, కరెంటు వచ్చింది. పాలు పొంగించిన రోజు బంధువులంతా లోపల తింటుంటే, ఆయనకు షెడ్డులోకి ఆకు తీసుకెళ్ళి వడ్డించాను. అందరూ చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఇప్పటికీ అంతే. నేను గోడల మధ్య పడుకుంటున్నాను, ఆయన రేకుల కింద. రెండుపూటలా అన్నం తీసుకెళ్ళి పెడతాను. మాట్లాడతాడు, రోగం రొష్టూ అడుగుతాడు. రమ్మని ఒక్కసారే అడిగాను. మళ్ళీ అడగను. ఆయనను బతిమాలడానికి నేనేమీ దొంగతనం చేయలేదు. ఆ క్లర్కు మీద ఎంత కోపమో ఈయన మీదా అంతే ఉంది. ఒకడికి కాగితమే దేవుడు, ఇంకొకడికి చెక్క దేవుడు. మధ్యలో నేను దేనికీ మొక్కకుండా ఇద్దరి పనీ చేశాను.

మొన్న పొద్దున షెడ్డులోంచి ఒక కన్ను మూసి మా వాకిలి వైపు చూస్తున్నాడు.

"ఏమే, ఎవుడు నిలబెట్టింది దాన్ని? ఎడమ పక్కకు వాలి ఉండాది."

"వాల్లేదు. నీ కన్ను వాలింది."

"మేస్త్రినే నేను. వాలి ఉండాది."

"అయితే లోపలికి వచ్చి చూసి చెప్పు."

తల తిప్పుకున్నాడు. ఆయన స్నానానికి వెళ్ళాక దారానికి నిలువు చూసే గుండు కట్టి వేలాడదీసి చూశాను. అర వేలి మందం వాలి ఉంది, ఎడమకే. దారం చుట్టి లోపల పెట్టేశాను. ఆయనకు చెప్పలేదు.