నేల మీద మొదటి చుక్కలు

విశాఖలోని ఒక చవక బారులో పాటలు వేసేవాడు మొన్న పోయాడు. అరకు కొండల మనిషి. పాట మొదలుపెట్టే ముందు, చనిపోయిన పెద్దలను తలచుకుని, తన మందు గ్లాసులోంచి నాలుగు చుక్కలు డాన్సు చేసే నేల మీద పోసేవాడు.

ఒక సాయంత్రం ఓనరు అరిచాడు. "ఏటి సేత్తన్నావురా? ఎవడైనా జారిపడితే? ఇంకోపాలి పోత్తే పనిలోంచి తీసేత్తాను!"

"పెద్దోళ్ళకి పొయ్యకుండా పాటెయ్యను, బావూ."

అని పాటల పెట్టె వైర్లు పీకి చుట్టసాగాడు. పాట కోసం కాచుకున్న జనం ఈలలు వేశారు, బల్లలు బాదారు. అతను తలెత్తలేదు.

చివరికి ఓనరే తుడుపుగుడ్డ తెచ్చాడు. "పోసి ఏడు. నేను తుడుసుకుంటాను." తర్వాత గొంతు తగ్గించాడు. "మా అమ్మక్కూడా పొయ్యరా. తాగీది కాదు గానీ."

"అయితే ఆయమ్మకి నీళ్ళు పోత్తాను, బావూ."