పరీక్ష మధ్యలో బొట్టు

నా భార్య కోడింగ్ కోర్సులో చేరాలనుకున్నప్పుడు నన్ను అడిగిన సాయం ఒక్కటే. ఆమె పరీక్ష రాసినంతసేపు గేటు దగ్గర కూర్చొని ఎవరినీ లోపలికి రానీయకూడదు. అది కూడా నా వల్ల కాలేదు.

మేం చౌటుప్పల్‌లో కిరాయికి ఉంటున్నాం. నేను మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాను. ఆమె పెళ్లికి ముందు నల్లగొండలో కంప్యూటర్స్ సబ్జెక్టుగా డిగ్రీ చదివింది. పాప బడికి పోవడం మొదలయ్యాక, కొన్ని నెలల్లో ప్రోగ్రామింగ్ నేర్పి ఉద్యోగానికి సిద్ధం చేసే హైదరాబాద్ సంస్థ ఒకటి ఆమెకు ఫోన్‌లో కనిపించింది. క్లాసులన్నీ ఇంటి నుంచే. చేరడమే కష్టం. మార్కుల మెమో పంపమన్నారు. పంపితే ఇంటిపేరు ఆధార్‌లో ఒకటి, మెమోలో ఒకటి ఉందన్నారు. పెళ్లయ్యాక మారిందని ఒకరికి చెప్పి ఒప్పిస్తే, మరునాడు ఇంకొకరు ఫోన్ చేసి అదే ప్రశ్న మొదటి నుంచి అడిగేవారు. ఆమె విసుక్కోకుండా చెప్పేది. నేను పక్కన పడుకొని, "చేర్చుకోకముందే ఇంత సతాయిస్తే చేర్చుకున్నంక ఏం చేస్తరో" అని నవ్వేవాడిని.

చివరికి ప్రవేశ పరీక్ష. ల్యాప్‌టాప్ కెమెరా ముందు కూర్చొని రాయాలి. రెండో మనిషి కనిపిస్తే పరీక్ష ఆగిపోతుంది. పగటిపూట తలుపుకు గడియ వేసుకునే అలవాటు మా ఇళ్లలో లేదు. వేస్తే ఏదో అయిందని వాడకట్టంతా వచ్చి తడుతుంది.

"తలుపు దగ్గరికేస్త. నువ్వు గేటుకాడ కూసో. ఎవ్వరొచ్చినా జర ఆపు" అంది.

"గంతేనా" అన్నాను.

సగం పరీక్ష అయి ఉంటుంది. మా చిన్నమ్మ, ఆమె ఆడబిడ్డ ఆటో దిగారు. చిన్నమ్మ చేతిలో కుంకుమ భరిణె. ఆమె కూతురి పెళ్లి కుదిరింది. మా దగ్గర పెళ్లికి పిలవడమంటే ఫోన్ చేయడం కాదు, ఇంటికొచ్చి ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి చెప్పడం. బొట్టు పెట్టడానికి వచ్చినవాళ్లను వాకిట్లో ఆపడం ఎక్కడా చూడలేదు.

"కోడలేది బిడ్డా?" అని అడిగింది చిన్నమ్మ.

"లోపల ఉంది."

"ఏం జేస్తాంది?"

పరీక్ష రాస్తోందని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతుంది. నౌకరీ కోసమంటే, నా జీతం సరిపోవడం లేదని ఆ ఆడబిడ్డ ఊరంతా చెబుతుందేమోనని అనిపించింది.

"ఏం లేదు, గట్లనే కంప్యూటర్ చూస్తాంది. పోండ్రి లోపలికి" అన్నాను. ఒక్క బొట్టే కదా అనుకున్నాను.

మాట వినిపించినా పరీక్ష ఆగుతుందని నా భార్య నోరు తెరవలేక చేయి అడ్డం పెట్టిందట. "కొత్త పెండ్లికూతురు లెక్క సిగ్గువడుతవేందే" అని చిన్నమ్మ గడ్డం పట్టుకొని మరీ బొట్టు పెట్టింది. తెర మీద చిన్నమ్మ ముఖం కనిపించింది. ఆ వెంటనే పరీక్ష రద్దయింది.

జరిగింది వాళ్లకు ఇంగ్లీషులో రాసి పంపింది నా భార్య. బొట్టు సంగతి రాసి, చెరిపి, మళ్లీ రాసింది. తర్వాతి బ్యాచ్‌కు ప్రయత్నించమని జవాబు వచ్చింది. ఫోన్ చేస్తే ఒకటి నొక్కమనేది, రెండు నొక్కమనేది, మనిషి మాత్రం దొరికేది కాదు. ఒకరోజు సెలవు పెట్టి ఆమెను హైదరాబాద్‌లోని వాళ్ల ఆఫీసుకు తీసుకుపోయాను. చాలాసేపు కూర్చోబెట్టాక ఒక అమ్మాయి వచ్చింది. అంతా వింటూ తనకు తెలియకుండానే తన నుదుటి బొట్టును తాకింది.

"నాకు సమజైంది అక్కా. మా అమ్మ గూడ గట్లనే చేస్తది. కానీ రద్దు చేసింది కంప్యూటర్. మార్చనీకి నా చేతుల లేదు."

"గడియ పెట్టుకొమ్మని చెప్పిన మేడం, ఇనలే" అన్నాను నేను.

నేను చెప్పలేదు. తప్పు ఎవరిదో ఒకరిదై ఉండాలనిపించింది, నాది తప్ప.

తిరుగు బస్సులో నా భార్య కిటికీ వైపు చూస్తూనే అంది: "ఆనాడు నీ మాట నాకు ఇనవడ్డది. పోండ్రి లోపలికి అన్నవ్."

"చిన్నమ్మను ఎట్ల ఆపుతనే?"

"ఆపకుంటే ఆపకపోతివి. పరీక్ష రాస్తాందని చెప్పనీకి ఏమైంది?"

చౌటుప్పల్ రాగానే ఆమె కంటే ముందు దిగాను.

మళ్లీ బ్యాచ్ వచ్చిన సంగతి నాకు చెప్పలేదు. ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. నార్కట్‌పల్లిలో స్నేహితురాలి ఇంట్లో కూర్చొని రాసి వచ్చింది. సీటు వచ్చింది.

"నాకు చెప్పకపోతివి" అన్నాను.

"గేటుకాడ మనిషిని పెట్టే పని లేకుండె" అంది. కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ తగిలింది.

క్లాసులు మొదలయ్యాక లోపలి నుంచి గడియ వేసుకునేది. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా చిన్నమ్మ మళ్లీ వచ్చింది, అదే ఆడబిడ్డతో, అదే భరిణెతో. కొడుకు ఇల్లు కట్టుకున్నాడు, పాలు పొంగిస్తున్నారు. తలుపు తట్టబోతుంటే అడ్డం పోయాను.

"తట్టకు చిన్నమ్మా. కోడలు క్లాసుల ఉంది. నౌకరీకి నేర్చుకుంటాంది. కూసోండ్రి, చాయ్ పెడత."

"నువ్వు చాయ్ పెడతవా?" అంది చిన్నమ్మ.

"పెండ్లాం నౌకరీకి, మొగడు పొయ్యికాడికి" అంది ఆడబిడ్డ.

"గట్లనే అనుకో అత్తా."

"మేం ఇంక శానా ఇండ్లు తిరగాలె బిడ్డా. బొట్టు పెట్టకుంట ఎట్ల పోతం?" అంది చిన్నమ్మ.

"అయితే నాకు పెట్టు."

చిన్నమ్మ నన్నొకసారి ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వుకుంటూ నా నుదుటికి ఇంత బొట్టు పెట్టి పోయింది.

క్లాసు అయ్యాక నా భార్య తలుపు తీసింది. నా నుదురు చూసింది.

"ఎవరింటికి పిలుపు?"

చెప్పాను.

"మరి లోపలికి రాలే?"

"క్లాసుల ఉన్నవని చెప్పిన. నౌకరీకి అని గూడ చెప్పిన."

నా ముక్కు మీద రాలిన కుంకుమను కొంగుతో తుడిచింది. "ఇంకో క్లాసుంది" అని లోపలికి పోయింది. ఈసారి గడియ వేసిన చప్పుడు వినపడలేదు.