ఆటో ఎక్కకుండా తెచ్చిన సైకిల్

నవ్వేదుంటే ఇప్పుడే నవ్వేయండి. నేను చెప్పేటప్పుడు మధ్యలో అడ్డం రావద్దు. దసరా మర్నాడు నేను జమ్మలమడుగు కొండ నుంచి ఆటోలో వచ్చినానని బజారంతా చెప్పుకుంటాండారంట. అబద్ధం! శుద్ధ అబద్ధం! నేను ఆటో ఎక్కలేదు. ఆటో నా పక్కన వచ్చింది, అంతే. పక్కన వచ్చేదానికీ, ఎక్కి వచ్చేదానికీ తేడా లేదా? టీ తాగండి, మొదటి నుంచి చెప్తా.

ప్రొద్దుటూరులో నాది చీరల అంగడి. పొద్దున పరుపు మీద కూర్చుంటే మళ్ళీ లేచేది అన్నానికే. పోయినేడు షుగర్ వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "రోజూ నాలుగు కిలోమీటర్లు నడవాలి" అనింది. నడకా? నేనా? "మోకాళ్ళు మేడం! రెండు మోకాళ్ళూ నొప్పి, నడవలేను" అన్నా. నిజం చెప్పాలంటే అంత నొప్పేమీ లేదు. విసుగు. "సరే, అట్లయితే సైకిల్ తొక్కండి" అనింది ఆమె. ఆ మాట నాకు శానా నచ్చింది.

తొక్కేది ఎట్లాగూ తొక్కుతాం, మామూలు సైకిల్ ఎందుకు? వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసినా. ఏవో ఊర్లు, ఊరి బయట పార్కులు, గుట్టలు, మట్టిదారులు. వాటిలో జనం సైకిళ్ళ మీద గులకరాళ్ళు ఎగరేసుకుంటూ పోతాండారు. ఆ సైకిల్‌ను గ్రావెల్ బైక్ అంటారు. రోడ్డు సైకిల్ అంత తేలిక, టైర్లు మాత్రం లావు, రాళ్ళలో కూడా పోతుంది. మన పక్క పార్కులు తక్కువేమో గానీ గుట్టలకేం తక్కువ? రాళ్ళ విషయంలో మనల్ని కొట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆర్డర్ పెట్టేసినా. ధర మాత్రం అడగొద్దు.

మూడు రూట్లు తయారు చేసుకున్నా. ఒకటి మన పెన్న ఒడ్డు. రెండోది పులివెందుల, పార్కు చుట్టూ తిరిగి దాని వెనక గుట్టల్లోకి పోయే మట్టిదారి. మూడోది జమ్మలమడుగు దాటినాక ఎర్రకొండల్లో మేకలు నడిచే బాట. మూడోదే నాకు ప్రాణం. పైకెక్కి నిలబడితే కింద చెనిక్కాయ చేన్లు, దూరంగా ముద్దనూరు పక్క పొగగొట్టాలు, మొహానికి కొట్టే గాలి. ముప్పై చీరలు పరిపించి "ఇంకోటి చూపించు" అనే మనిషి అక్కడ ఒక్కరూ ఉండరు. అంత సంతోషం నాకు ఇంకెక్కడా లేదప్పా, ఒట్టు.

నా భార్య పద్మకు మాత్రం ఆ సైకిల్ గిట్టదు. రెండుసార్లు పంక్చరై, ఆటోలో వేసుకొని ఇంటికొచ్చినా. రెండోసారి వీధి వీధంతా చూసింది. ఆ దినమే అంగడిలో అందరి ముందర చెప్పేసింది.

"ఏమండీ, ఇదే చివరిసారి. ఇంకొక్కసారి ఆ సైకిల్‌ను ఆటోలో వేసుకొని వచ్చినారంటే, దాన్ని మా తమ్మునికి ఇచ్చేస్తా. మళ్ళా అడగొద్దు."

ఆమె తమ్ముడు సురేషు ఉండేది పులివెందులలో. ఆ మాట చెవిన పడిన కాడి నుంచి నా బామ్మర్ది ఫోన్ చేసినప్పుడల్లా, "బావా, నా సైకిల్ ఎట్లుంది?" అని అడుగుతాడు. నా ఆరోగ్యం ఎట్లుందని అడిగిన పాపాన పోలేదు!

ఇంక దసరా వచ్చింది. ఆయుధపూజ దినం అంగడిలో కత్తెరలు, మీటరు బద్ద, బిల్లు మిషను, ఇంటికాడ స్కూటరు, కారు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి పద్మ పూజ చేసింది. నా సైకిల్‌కూ చేసింది, ఆ మాట ఒప్పుకోవాల. హ్యాండిల్‌కు రెండు పక్కలా రెండు అరటి పిలకలు, ముందర మామిడాకులు, వెనకదాకా సాగదీసి బంతిపూల దండ. పెళ్ళికొడుకు మాదిరి తయారైంది.

"మూడు దినాలు ఇవి తీయకూడదు. చెయ్యి పెట్టినారంటే చూడండి" అనింది.

పండగ మర్నాడు అంగడి లేటుగా తెరుస్తాం. కొండకు పోయేదానికి అంతకంటే మంచి పొద్దు దొరుకుతుందా? తీస్తే పద్మ తిడుతుంది. తీయకుండా పోతే తప్పేముంది? అరటి పిలకలతోనే బయలుదేరినా. నిక్కరు, హెల్మెట్టు, చెవుల పక్కన ఊగే అరిటాకులు. జమ్మలమడుగులో ఒకాయన నన్ను చూసి చెప్పులిడిచి దండం పెట్టినాడు. ఎందుకు పెట్టినాడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నేనూ తిరిగి పెట్టినా.

కొండబాట సగం ఎక్కినాక ఆయాసమొచ్చి దిగినా. ఒక కాలు రాయి మీద పెట్టి, తల పైకెత్తి నీళ్ళు తాగుతాండా. కరకరమని శబ్దం. చూస్తే ఎడమ పక్క అరటి పిలక సగమే ఉంది. మిగిలిన సగం ఒక నల్లమేక నోట్లో ఉంది.

"హేయ్, పో!" అన్నా. అది పోలేదు. కుడి పక్క ఇంకోటి వచ్చింది. వెనక నాలుగు. కంపచెట్ల సందుల్లోంచి ఇంకో ఇరవై! ఎండిన గుట్ట మీద పచ్చటి అరిటాకు నేనే తీసుకొచ్చి నోటికాడ పెడితే అవి మాత్రం ఏం చేస్తాయి? ఒకటి ముందు కాళ్ళు సీటు మీద పెట్టి నిలబడి, మామిడాకులు ఒక్కొక్కటే తెంపుతాంది. దానికి ఎంత తీరికో!

నేనేం చేయాల్సింది? సైకిల్ పక్కకు పెట్టి, తిననివ్వాల్సింది. అంతే. రెండు నిమిషాల పని. కానీ పద్మ మాట చెవుల్లో ఉంది కదా, మూడు దినాలు తీయకూడదని. ఉన్నదన్నా మిగిలించుకుందామని గబుక్కున ఎక్కి జోరుగా తొక్కినా. బంతిపూల దండ ఒక కొస నల్లమేక నోట్లో ఉంది, ఇంకో కొస నా వెనక చక్రం కాడ ఉంది. నేను ముందుకు తొక్కుతాండా, అది వెనక్కు గుంజుతాంది. పూలన్నీ రాలిపోయినాయి. దండ కట్టిన పురికొస పోయి గేర్లలో చుట్టుకునింది.

ఫట్!

చైను తెగింది. వెనక గేర్ల కింద వేలాడే ఇనుప చెయ్యి విరిగి చక్రంలోకి దూరింది. నేను కంపలోకి దూరినా.

"ఓ అప్పా! అరిటాకులు కట్టుకోని మేకల్లోకి వస్తారా యాడన్నా?"

మేకలు కాసే ఓబులమ్మ. అరవై ఏండ్లుంటాయి. కట్టె పట్టుకొని పైనుంచి దిగొస్తాంది. నన్ను లేపుతుందేమో అనుకున్నా. ముందు పోయి నల్లమేక నోరు తెరిచి చూసింది.

"దారమేమన్నా మింగిందా ఏందో, పాపం."

"ఎవరు పాపం? నేనా, మేకా?" అని అరిచినా.

"నువ్వు పెద్దోనివి, నీకు తెలివుండాల. దానికేం తెలుసు?" అనింది.

కానీ మంచి మనిషి. ముండ్లు పీకింది. చక్రంలో ఇరుక్కున్న ఇనుమును ఇద్దరం కలిసి బయటికి లాగినాం, తెగిన చైను తీసి సంచిలో వేసుకున్నా. రాగిసంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నా చేతిలో పెట్టి తినేదాకా ఊరుకోలేదు. "పూజ చేసిన ఆకు మూగజీవాలకు పెట్టినావు. పుణ్యమే పోప్పా" అని సాగనంపింది. పుణ్యం సరే. సైకిల్ తొక్కేదానికి లేదు కదా!

ఇంటికి ఇరవై అయిదు కిలోమీటర్లు. ఆటో ఎక్కితే సైకిల్ సురేషుది. ఆటో ఎక్కకపోతే నాది. ఇందులో ఆలోచించేదానికి ఏముంది? తోసుకుంటూ నడిచినా. దిగుడు వచ్చిన కాడ ఎక్కి జారినా, మట్టసం వచ్చిన కాడ దిగి నడిచినా.

జమ్మలమడుగు దాటినాక మన వీధి ఆటో మస్తాన్ కనపడినాడు.

"ఏందన్నా, పెండ్లికొడుకు పోయి బిచ్చగాడొచ్చినాడే! ఎక్కు, ఎక్కు."

"ఎక్కను."

"దుడ్లొద్దులే అన్నా, ఊరికే వస్తాండా, ఎక్కు."

"ఊరికేనైనా ఎక్కను. పో!"

పోతాడా? నా పక్కనే, నా నడకకు సమానంగా ఆటో నడుపుతాండాడు. మధ్యలో ఆపి నాకు నీళ్ళిస్తాడు, మళ్ళీ "ఎక్కు" అంటాడు. "సైకిల్ ఒక్కటే వేయన్నా, నువ్వు నడువు" అంటాడు. "నువ్వొక్కనివే ఎక్కన్నా, సైకిల్ నేను తోస్తా" అంటాడు. వానికి నా మీద ప్రేమే, కాదనను. కానీ దూరం నుంచి చూసినోళ్ళకు ఎట్లుంటుంది? ఆటో పక్కన నేను. అట్లా పుట్టిందప్పా ఈ పుకారు!

సాయంత్రం నాలుక్కు మా వీధి మలుపు తిరిగినా. మడమలు బొబ్బలు. చొక్కా చినిగింది. కానీ నా తల చూడాల్సింది, ఎంత పైకుందో! మస్తాన్‌ను వాకిట్లోకి పిలిచి సాక్షిగా నిలబెట్టినా.

"పద్మా, ఈయప్పను అడుగు! ఒక్క అడుగన్నా ఆటోలో వచ్చినానేమో అడుగు!"

"లేదక్కా. కొండ కాణ్నుంచి నడిచే వచ్చినాడు. జమ్మలమడుగు కాణ్నుంచి నేనే సాక్షి" అన్నాడు మస్తాన్, నా మీద గౌరవంతో.

పద్మ సైకిల్ చూసింది. అరటి పిలకలు లేవు. చైను లేదు. తిడుతుందనుకొని, "నేను తీయలేదు, మేకలు తిన్యాయి" అన్నా. ఆమె ఆ మాటే పట్టించుకోలేదు. నా మోకాళ్ళు చూస్తాంది.

"కొండ కాణ్నుంచి నడిచొచ్చినారా?"

"నడిచొచ్చినా!"

"పాతిక కిలోమీటర్లు?"

"పాతిక!" అన్నా, ఛాతీ విరుచుకొని.

"నాలుగు కిలోమీటర్లు నడవమంటే మోకాళ్ళు నొప్పి, నడవలేనని కదా ఈ సైకిల్ కొన్యారు? పాతిక నడిచే మనిషికి సైకిల్ ఎందుకండీ?"

మస్తాన్ మెల్లగా ఆటో స్టార్ట్ చేసుకొని వెళ్ళిపోయినాడు. నేను సంపాదించిన సాక్షి, నా కొంప ముంచిన సాక్షి!

ఆ రాత్రే పద్మ ఫోన్ చేసిందంట, మర్నాడు పొద్దున్నే పులివెందుల నుంచి సురేషు దిగినాడు. సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగినాడు. వెనక చక్రం కాడ కూర్చొని చూసినాడు.

"బావా, గేరు విరిగింది కదా. రిపేరు చేయించి పెట్టు. బాగైనాక వచ్చి తీసుకుపోతా" అన్నాడు.

అయ్యిందా! రిపేరు చేయిస్తే పోతుంది. చేయించకపోతే ఉంటుంది. ఆ క్షణమే తీర్మానం చేసుకున్నా.

"పార్టు రావాల సురేషూ, టైము పడతాది" అన్నా. ఆర్డర్ పెడితే కదా వచ్చేది! పెట్టను. పద్మ అడిగినా పెట్టను, ఎవరు చెప్పినా పెట్టను. నా సైకిల్ నాది.

ఇప్పుడు రోజూ పొద్దున పెన్న ఒడ్డున చైను లేని సైకిల్ తోసుకుంటూ, హెల్మెట్టు పెట్టుకొని, నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి ఎవరని మీ ఇంట్లో అడిగితే, నేనేనని చెప్పండి. నాకేం సిగ్గు లేదు. మొన్న షుగర్ కూడా తగ్గింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ, "చూశారా, సైకిల్ ఎంత మంచి పని చేసిందో!" అనింది.

అవునని తలూపి వచ్చినా.