హార్మోనియంలో గాలి పొదుపు

“గింత మెల్లగ ఒత్తితే పాట ఎట్ల లేస్తదే? జర గట్టిగ ఒత్తు!”

“గట్టిగ ఒత్తితే తిత్తి చినుగుతది సార్. మల్ల కొత్తది ఎవలు కొంటరు?”

“పెట్టె నీదా, నాదా?”

“మీదే సార్. అందుకే పైలంగ ఒత్తుతున్న.”

ఆ రోజుల్లో పట్నం పక్కనున్న మా కొత్తగూడలో ఫ్లైఓవర్ లేదు, అద్దాల మేడలు లేవు; జొన్నచేలు, రాళ్లగుట్టలు, ఒక్క గది బడి ఉండేవి. తెలంగాణ కావాలని జనం మొదటిసారి రోడ్డెక్కిన కాలం. నేను మూడో తరగతి. (చదువు అక్కడే ఆగింది కాబట్టి తరగతి మాత్రం మరిచిపోలేదు.) మా సారు సైకిలు మీంచి పడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకోవడంతో, హార్మోనియం వెనక గాలితిత్తి ఒత్తడానికి మనిషి కావలసి వచ్చింది. గొంతు మొరటుగా ఉందని నన్ను అప్పటికే పాటలోంచి తీసేశారు. ఆ తిత్తి పని కూడా పోతే ఇక నేను ఇంటికి పోయి పిడకలు చేసుకోవడమే. ఉప్పు కూడా రెండు వేళ్లతోనే తీయాలని నేర్పిన అమ్మ కడుపున పుట్టినదాన్ని. గాలైతే మాత్రం ఊరికే ఎలా పారబోస్తాను?

“రేపు దీక్ష డేరా కాడ పాట ఆగిందనుకో, తిత్తి ఇంకొకలకు ఇస్త,” అన్నారు సారు.

మర్నాడు తెలంగాణ కోసం నిరాహార దీక్ష చేస్తున్నవాళ్ల డేరా ముందు ఊరంతా కూర్చుంది. పట్వారి గారి బిడ్డ పాట ఎత్తుకుంది. నేను ఎప్పటిలాగే చూసి చూసి ఒత్తాను. చరణం సగంలో పెట్టె ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. పట్వారి బిడ్డ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

“ఏంది సారూ, పెట్టె కూడ దీక్షల కూసున్నదా?” అని వెనకనుంచి ఎవరో అరిచారు. డేరా అంతా నవ్వులు. సారు కళ్లు ఎర్రబడ్డాయి.

ఇక నా చోటు పోయినట్టే. గొంతుకు చినిగే తిత్తి లేదు, కొనేది అంతకన్నా లేదు. కళ్లు గట్టిగా మూసుకుని చరణం అందుకున్నాను. మొరటు గొంతే. కానీ డేరా చివరిదాకా వినపడింది. పిల్లలు కలిశారు, తర్వాత పెద్దలు కలిశారు. తిండి లేక పడుకున్న దీక్ష మనుషులు కూడా లేచి కూర్చుని చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో బతుకమ్మ పాట ఎత్తేది నేనే. మలి తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు, మెడలో ఆఫీసు కార్డులున్న పిల్లలకు నేనే చరణాలు అందించాను. (మనవరాలు మైకు తెస్తానంది, కరెంటు దండగ అన్నాను.) చిన్నప్పుడు నలుగురి ముందు ఒక్కసారి పాడిన పిల్లకు ఆ అలవాటు వదలదు కాబోలు. తిత్తి ఒత్తిన ఆ బక్కపిల్ల ఇప్పుడు ఎదురైతే వీపు తట్టాలనిపిస్తుంది. గాలి దాచుకోవడం తప్పని మాత్రం చెప్పను.

డేరా దగ్గర పాడిన మర్నాడు పొద్దున బడికి వెళ్లేసరికి, హార్మోనియం వెనక తిత్తి పట్టుకుని పట్వారి గారి బిడ్డ కూర్చుని ఉంది. నా పని అయిపోయిందనుకుని గుమ్మంలోనే వెనక్కి తిరిగాను.

“ఎటు పోతున్నవే? ముందటికి రా,” అన్నారు సారు.

వెళ్లి అందరికన్నా ముందు నిలబడ్డాను. ఆయన హార్మోనియం మీద ఒక్క మెట్టు ఒత్తారు. పాట నేను ఎత్తుకున్నాను.