నీళ్ళా, గంజా, తేనా: విల్లిట్స్‌లో ఆరు మొక్కల కోత

2011 అక్టోబరు, శుక్రవారం. పొద్దున ఏడున్నరకి మా మావగారూ నేనూ ఫ్రీమాంట్ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాం. దింపడానికి వచ్చిన మా ఆవిడ సుధ నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"మా నాన్నని గంజాయి తోటకి తీసుకెళ్తున్నావా?"

"తోట కాదు సుధా. ఆరు మొక్కలు."

"ఆరేనా? మరి ముందే చెప్పొచ్చుగా, నేనింకా కంగారు పడుతున్నాను," అని పులిహోర డబ్బా నా చేతిలో పెట్టి, నవ్వకుండా కారెక్కేసింది.

ఈ ప్రయాణానికి కారణం రూత్. పదేళ్ళ కింద నేను సన్నీవేల్‌లో దిగిన నాలుగో నెలలో, నన్ను ఉద్యోగంలో చేర్చుకున్న సంగతి మా కంపెనీ మర్చిపోయింది. అప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే రూత్ రోజూ సాయంత్రం తన పాత కారులో నాకు డ్రైవింగ్ నేర్పింది. ప్యారలల్ పార్కింగ్ నాకు ఇప్పటికీ రాదు. అందులో ఆవిడ తప్పు లేదు. రిటైరయ్యాక ఆవిడా, భర్త వాల్టూ ఉత్తరాన విల్లిట్స్ అనే చిన్న ఊరి పక్కన కొండమీదికి మారిపోయారు. రెండేళ్ళ కింద రూత్‌కి క్యాన్సర్ వచ్చింది, పోయింది. కానీ పోతూ పోతూ మందులు పాదాల్లో ఒక మంట వదిలేసి పోయాయి. పడుకుంటే ఆ మంట లేస్తుంది. డాక్టరు రాసిచ్చిన కాగితంతో, కాలిఫోర్నియా చట్టం ఒప్పుకున్న మేరకు, వాల్ట్ పెరట్లో ఆరు గంజాయి మొక్కలు వేశాడు.

మొక్క పెంచడం కష్టం కాదట, ఎప్పుడు కోయాలో తెలుసుకోవడమే కష్టమట. నిరుడు వానకి భయపడి వాల్ట్ వారం ముందే కోసేశాడు. ఆ మందుతో రూత్‌కి నిద్ర రాలేదు సరికదా, గుండె దడ వచ్చింది. చలికాలమంతా ఆవిడ కుర్చీలో కూర్చునే గడిపింది. ఈసారి వాల్ట్ రాసిన ఈమెయిల్ మూడు ముక్కలు: ఆదివారం మధ్యాహ్నం నుంచి వాన. నా చెయ్యి వణుకుతోంది, భూతద్దం నిలవడం లేదు. నీ కళ్ళు కావాలి.

నా కళ్ళకి మైనస్ ఆరు అద్దాలు. ఆ సంగతి ఆయనకి గుర్తు చేయలేదు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆ మొక్క కాలిఫోర్నియాకి మందు, ఫెడరల్ గవర్నమెంటుకి నేరం. నా గ్రీన్‌కార్డ్ ఫైలు ఉన్నది రెండో వారి దగ్గర. అందుకని చూడ్డమేగానీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇదంతా ఒక ఫ్రెండ్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే సోఫాలో ఉన్న మావగారు విన్నారు. ఆయనది కందుకూరు దగ్గర, నలభై ఏళ్ళు పొగాకు పండించిన చెయ్యి.

"ఆకు పక్వానికొచ్చిందో లేదో చెప్పడానికి అద్దాలెందుకు అల్లుడూ? నన్ను తీసకపో."

"మీది విజిటర్ వీసా మావయ్యా. ముట్టుకోకూడదు."

"ముట్టుకోన్లే అబ్బా. చేతులు కట్టుకుని చూస్తా."

ఆ మాట నమ్మాను. కారు మాత్రం సుధకి కావాలి కాబట్టి రైలు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమ కిటికీ వైపు కూర్చోండి. రిచ్‌మండ్ దాటాక సముద్రపు పాయ రైలు పక్కకే వచ్చేస్తుంది. మావగారు అరగంటసేపు నీళ్ళు చూసి, "ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఒక్క ఎకరం తడపలేదే," అన్నారు. ఉప్పు నీళ్ళని చెప్పాను. నీళ్ళ మీద గౌరవం పోయినట్టు వెంటనే పులిహోర డబ్బా తీశారు. తొమ్మిదికి మార్టినెజ్‌లో దిగి, గంట ఆగి, అదే టికెట్ మీద బస్సెక్కాం. రైలుకీ బస్సుకీ కలిపి ఒక్క టికెట్ సరిపోతుంది, విడిగా కొనక్కర్లేదు. శాంటా రోసాలో పది నిమిషాలు ఆగుతుంది. బాత్‌రూమ్ పని అక్కడే చూసుకోవడం మంచిది, బస్సులోది వీరులకి.

పక్క సీట్లో ఊలు అల్లుకుంటున్న ఒకావిడ, ఎక్కడికని అడిగింది. విల్లిట్స్‌లో ఫ్రెండ్స్‌ని చూడ్డానికన్నాను.

"అక్టోబర్లోనా?" అని అల్లిక ఆపకుండానే నవ్వింది. "అక్టోబర్లో అందరికీ అక్కడ ఫ్రెండ్సే."

రెండు కావస్తుండగా దిగాం. ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద రెండు మూడు మోటెళ్ళున్నాయి, ఒక మాదిరిగా ఉంటాయి. మాకు వాల్ట్ ఇల్లుంది. ఆయన పికప్‌లో ఇరవై నిమిషాలు కొండ ఎక్కాక, వరండాలో రూత్ ఊలు మేజోళ్ళతో కనిపించింది. సన్నబడింది. నన్ను కౌగిలించుకుని, "ప్యారలల్ పార్కింగ్?" అంది. తల అడ్డంగా ఊపాను.

మావగారు ఆవిడ పేరు విని, "రూతమ్మా? మా ఊళ్ళో ముగ్గురున్నారు," అన్నారు. తర్జుమా చేస్తే ఆవిడ చాలా సంతోషించింది. ఆ తర్వాత రెండు రోజులూ ఆయన పిలిచింది రూతమ్మ అనే, ఆవిడ పలికింది కూడా దానికే.

నాలుగింటికి పెరట్లోకి వెళ్ళాం. కంచె లోపల ఆరు మొక్కలు, మనిషెత్తున. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. మావగారు చేతులు కట్టుకుని ఒక చుట్టు చుట్టి, కింద ఆకులు చూసి, "ఇంకా పచ్చగున్నయ్యి. పది రోజులాగాలి," అని తేల్చేశారు.

"ఆకు కాదు," అన్నాడు వాల్ట్. "మనకి కావలసింది పువ్వు."

మావగారికి ఇది మింగుడు పడలేదు. నలభై ఏళ్ళుగా ఆయన ఆకు కోసమే బతికారు. పొగాకు మొగ్గ తొడిగితే చాలు, తల తుంచేస్తారు. లేకపోతే బలమంతా పువ్వు లాగేసుకుని ఆకు పలచబడుతుంది. పువ్వు కోసం మొక్కని పెంచడమనేది ఆయన దృష్టిలో దొంగకి అన్నం పెట్టడం.

వాల్ట్ ఓపిగ్గా చెప్పాడు. పువ్వు మీద తెల్లటి పీచులుంటాయి, మొక్కజొన్న కంకికి ఉన్నట్టు. అవి చాలావరకు గోధుమరంగుకి తిరిగి లోపలికి ముడుచుకోవాలి. కానీ పీచు అబద్ధమాడుతుంది, గాలికీ వానకీ కూడా రంగు మారుతుంది. నిజం చెప్పేది దాని మీద మెరిసే జిగురు బొట్లు. ఒక్కొక్కటీ గుండుసూది తలకంటే చిన్నది. నగలవాళ్ళు వజ్రాలు చూసుకునే బుల్లి అద్దంలో చూడాలి. గాజులా ఉంటే పచ్చి. మసకబారితే తయారైనట్టు. రూత్‌కి కావలసిన నిద్ర రావాలంటే మసకలో కొంచెం పసుపు కూడా దిగాలి.

వాల్ట్ కొమ్మ వంచి పట్టుకున్నాడు. నేను అద్దంలోంచి చూశాను. ఆయన చెయ్యి వణికింది, గాలికి పువ్వు వణికింది, నా ఊపిరికి అద్దం మసకబారింది. మసక పువ్వుదో నాదో తెలియలేదు. మావగారు అద్దం లాక్కుని, చలనం లేకుండా రెండు నిమిషాలు చూశారు.

"ఇవి నీళ్ళలాగున్నయ్యి. ఇవి గంజి. ఇదిగో, ఈ నాలుగు తేనె," అన్నారు.

వాల్ట్ పుస్తకాల్లో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదట. కాగితం తెచ్చి మూడు గళ్ళు గీసి 'నీలు, గంజి, తేనే' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆరు మొక్కలూ చూసేసరికి ఆరయింది. ఎక్కువ గంజి, తేనె అక్కడక్కడ. ఆదివారం పొద్దున దాకా ఆగితే తేనె పెరుగుతుంది. వాన ముందుగా వస్తే మాత్రం అంతా పోతుంది.

భోజనాల దగ్గర అదే వాదన. రూత్ బంగాళాదుంప ముక్కని ప్లేట్లో అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు విని, "నేనేం పెద్ద కోరిక కోరడం లేదు వాల్ట్," అంది. "పడుకోవాలి. మామూలుగా, మనుషులు పడుకున్నట్టు."  ఆదివారం పొద్దున కోద్దామని వాల్టే తేల్చాడు.

శనివారం ఏడింటికి నేను కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చేసరికి మావగారు కంచె లోపల ఉన్నారు. చేతులు కట్టుకుని లేరు. కుడిచేతిలో మూరెడు పువ్వుల గుత్తి ఉంది. అన్నిట్లోకీ పెద్ద మొక్క నడినెత్తిన ఉండాల్సిన గుత్తి అది. రూత్ ఆ మొక్కకి రాణి అని పేరు పెట్టుకుంది.

"మావయ్యా, ఏంటది?"

ఆయన చేతిలోది చూసుకున్నారు. అది తన చేతిలోకి ఎలా వచ్చిందో ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. వెనక తలుపు చప్పుడైంది. వాల్ట్, ఆయన వెనక రూత్. వాల్ట్ మొహంలో రంగు పోయింది. ఆయన మంచివాడు కాబట్టి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. రూత్ మెట్టు మీద మెల్లగా కూర్చుంది.

మావగారు ఎవరి వైపూ చూడకుండా ఆ గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ వాసన చూశారు. ఆయన మొహం మారింది.

"అల్లుడూ, ఇది కుళ్ళు వాసన. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో తడాకు ముక్కితే ఇట్టనే వస్తది."

వంటింటి బల్ల మీద కాగితం పరిచి, ఆయన గుత్తిని రొట్టె విరిచినట్టు విరిచారు. పైకి నిగనిగలాడుతున్న పువ్వు లోపల, కాడ చుట్టూ, బూడిదరంగు బూజు. పొడిలా రాలింది. వాల్ట్ కుర్చీలో కూలబడ్డాడు. మంచు పడే రాత్రుళ్ళకి లావుపాటి గుత్తుల్లోనే ఇది పుడుతుందట. బయటికి కనిపించేసరికి సగం మొక్క పోతుంది. ఇంకో రోజు ఆగి ఉంటే, అందులోనూ వాన పడి ఉంటే, ఆరూ పోయేవి.

"మిగతావి?" అంది రూత్.

మావగారు బూజు తగలని రెమ్మని కిటికీ దగ్గర అద్దంలో చూశారు. గాలి లేదు, వెలుతురు బాగుంది. ఈసారి ఇంగ్లీషులో నేరుగా ఆవిడకే చెప్పారు. "గంజి ఫుల్ అమ్మా. తేనె లిటిల్. గుడ్. టుడే కట్."

ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాం. రాణి మొత్తం పారేశాం, పక్కదాంట్లో సగం. బూజు తగిలిన ప్రతిసారీ మావగారు కత్తెర కడిగించారు. వాల్ట్ కోశాడు, మావగారు గుత్తులు విడదీసి లోపల చూసి పంపారు, రూత్ వరండాలో కూర్చుని పెద్దాకులు తుంచింది. నేను షెడ్డులో తాళ్ళు కట్టాను. తాడు కట్టడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పదకొండింటికి వాల్ట్ నడుము పట్టేసింది. కోసిన కొమ్మలు గంపలో ఎండలో ఉండిపోయాయి. నేను కాసేపు వాటిని చూశాను, ఇంకాసేపు రూత్ మేజోళ్ళు చూశాను, తర్వాత గంప ఎత్తుకున్నాను. ఆ విషయం మీద ఇంతకంటే రాయను.

షెడ్డులోకి వచ్చి మావగారు చుట్టూ చూసి, "పొయ్యి యాడ?" అన్నారు. పొగాకుని పొయ్యి వేడికే ఆరబెడతారు. దీనికి వేడి పెట్టకూడదు, చీకట్లో నెమ్మదిగా ఆరాలని వాల్ట్ చెబితే, ఆయన మొహంలో ఈ దేశం మీద ఉన్న చివరి నమ్మకం కూడా పోయింది. అయినా కొమ్మకీ కొమ్మకీ బెత్తెడు సందు ఉండేలా అన్నీ మళ్ళీ సర్దించారు. అయిదింటికి పని ముగిసింది. చేతులకి నల్లటి జిగురు. సబ్బుకి లొంగలేదు. మావగారు వంటనూనె అడిగి పామి, ఉప్పుతో రుద్దారు. వాల్ట్ ఆ కిటుకు కూడా కాగితం మీద రాసుకున్నాడు.

ఆదివారం పదిన్నర బస్సు. మేము ఎక్కేసరికే చినుకులు మొదలయ్యాయి, చెప్పిన టైముకంటే గంటన్నర ముందు. బస్సు దాకా వచ్చిన వాల్ట్ మావగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఆ గుత్తి లోపల ఏముందో ఈయనకి ఎలా తెలిసిందో అడుగు," అన్నాడు. అడిగాను. మావగారు గంభీరంగా తలూపి, "ఎక్స్‌పీరియన్స్ సార్," అన్నారు.

మా ఇద్దరి బట్టలూ ఘాటుగా వాసన కొడుతున్నాయి. నేను భయపడ్డానుగానీ, ఆ నెలలో ఆ బస్సులో అందరిదీ అదే వాసన. యుకాయా దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నారు.

"తెలిసి తుంచలేదు అల్లుడూ. పొద్దున్నే లేచి ఊరికే నిలబడ్డా. తలకాయ మీద పువ్వు కనబడింది, చెయ్యి దానంతటదే పోయింది. నలభై ఏళ్ళ చెయ్యి."

"నాకు తెలుసు మావయ్యా."

"ఆ పెద్దాయనకి చెప్పబాక."

చెప్పనన్నాను. వాల్ట్‌కి తెలుగు రాదు కాబట్టి రాయడంలో తప్పు లేదనుకుంటున్నాను.

ఈ దారి మంచి దారి. ద్రాక్షతోటలు ఎర్రబడే వేళ వెళ్తే ఇంకా బాగుంటుంది. కానీ నేను చూసిన ఊళ్ళన్నిట్లోకీ విల్లిట్స్ గుర్తుండిపోయేది, అక్కడ చూసినదాని వల్ల కాదు, చూడకుండా వచ్చేసినదాని వల్ల. ఆ కొమ్మలు ఆరడానికి పది రోజులు. ఆ తర్వాత సీసాల్లో ఇంకొన్ని. రూత్‌కి నిద్ర పట్టిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

మార్టినెజ్‌లో రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాం. ప్లాట్‌ఫాం రేకు మీద వాన గట్టిగా పడుతోంది.  వచ్చే గురువారం మావగారి ఫ్లైట్. సూట్‌కేసు ఎప్పుడో సర్దేసుకున్నారు.

"ఆ రూతమ్మ," అన్నారు ఉన్నట్టుండి, "మొదటిసారి మందేసుకుని పడుకునేది ఎప్పుడంటావు?"

"నెలాఖరవుతుందేమో."

రైలు లైటు కనిపించింది. ఆయన లేచి, పంచె సర్దుకుని, సంచీ భుజానికి తగిలించుకున్నారు.

"అయితే నా టిక్కెట్టు మార్పించు," అన్నారు. "ఆమె పడుకున్నాక పోతా."