పలకరింపు బత్తాయిలు

ఆ రోజుల్లో మా అమలాపురం చుట్టుపక్కల ఇంజనీరింగు అంటే నాలుగేళ్ళ చదువు. అయిదో ఏడు కూడా కాలేజీకి వెళుతున్నాడంటే కుర్రాడు తప్పాడన్నమాటే, ఇంక వాదన లేదు. నేను చేరిందేమో బీటెక్కూ ఎమ్‌టెక్కూ కలిపి చదివించే కోర్సు. విడివిడిగా అయితే ఆరేళ్ళు పట్టేది అయిదేళ్ళలో అయిపోతుంది, కాకపోతే పట్టాలు రెండూ చివర్లోనే ఇస్తారు. ఏడాది కలిసొస్తుందని ఎగిరి గంతేసి చేరాను (ఆ ఏడాదిలో పరువేమవుతుందో ఆలోచించే వయసా అది!).

నాలుగో ఏడు వేసవి సెలవులకి ఇంటికొచ్చేసరికి, నాతో ఇంటర్ చదివినవాళ్ళంతా ఇంజనీర్లయి ఊళ్ళో స్వీట్లు పంచేస్తున్నారు. నేను ఉత్త చేతులతో బస్సు దిగాను. మర్నాడు పొద్దున్నే మామిడికుదురు అత్తయ్య, అంటే మా మేనత్త, సంచీడు బత్తాయిలతో ఆటో దిగింది. మా ఇళ్ళల్లో బత్తాయిలు ఊరికే తేరు. ఎవరైనా మంచాన పడ్డప్పుడో, ఇంట్లో ఏదైనా కష్టం వచ్చినప్పుడో పలకరించడానికి వెళ్ళేవాళ్ళు తీసుకెళతారు. నన్ను చూడగానే అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చిక్కిపోయేవు నాన్నా! ఎన్ని తప్పేవు?"

"ఒక్కటీ తప్పలేదత్తయ్యా. ఇంకో ఏడు చదివితే రెండు డిగ్రీలూ ఒకేసారి ఇస్తారు."

"ఆయ్, ఇస్తారు నాన్నా, ఎందుకివ్వరు?" అంది, జ్వరంలో పలవరిస్తున్నవాడికి సర్దిచెప్పినట్టు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "వదినగారూ, పిల్లాణ్ణేమీ అనకండి. మా పెద్దోడు ఇంటర్ తప్పలేదాండీ? మస్కట్‌లో మహరాజులా ఉన్నాడు. వీడి వీసా సంగతి కూడా వాడే చూస్తాడు" అంది.

వారం తిరిగేలోపు చుట్టాలందరూ వచ్చి వెళ్ళారు. పాపం, ఒక్కరూ చదువు మాటెత్తలేదు. కొబ్బరికాయల ధర గురించి మాట్లాడి, వెళ్ళేటప్పుడు నా భుజం తట్టేవారు. ఇల్లంతా బత్తాయిల వాసన. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. కానీ ఓ మధ్యాహ్నం అమ్మ బత్తాయి వొలుస్తూ, నా మొహం చూడకుండా, "నిజం చెప్పరా. నాన్నగారితో అననులే" అంది. అంతే, నా ప్రాణం ఉసూరుమంది. ఊరంతా ఏమనుకున్నా ఫరవాలేదు, అమ్మే నమ్మకపోతే ఆ రెండు డిగ్రీలూ ఏం చేసుకోను? "ఒట్టమ్మా, తప్పలేదు" అన్నాను. గొంతు వణికింది (ఆ వణుకు చూసే అనుమానం గట్టిపడి ఉంటుంది). అమ్మ ఓ తొన నా నోట్లో పెట్టి, "సరేలే, తిను" అంది.

మరుసటి ఏడు రెండు పట్టాలూ పట్టుకుని దిగాను. అమ్మ వెంటనే అత్తయ్యకి కబురు పెట్టింది. అత్తయ్య వాటిని తిరగేసి మరగేసి చూసి, కళ్ళొత్తుకుని, "చూసేరా వదినగారూ! ఒకటి తప్పినా, పట్టుదలగా చదివి రెండు తెచ్చుకున్నాడు" అంది.

నేను అమ్మ వైపు ఆశగా చూశాను. అమ్మ పొంగిపోతూ, "ఆయ్, చిన్నప్పట్నించీ వాడి పట్టుదల అంతేనండీ!" అంది.

ఇది జరిగిన చాలా ఏళ్ళకి, హైదరాబాదులో నేను పనిచేసే కంపెనీ మూతపడింది. రోజూ గదిలో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఆ ఊళ్ళో పలకరించడానికి వచ్చేవాళ్ళెవరూ లేరు. ఓ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, వీలైనంత హుషారుగా, "ఇంతకంటే మంచి ఉద్యోగం చూసుకుంటున్నానమ్మా" అన్నాను.

అమ్మ మెల్లిగా, "ఆయ్, వస్తుంది నాన్నా, ఎందుకు రాదు?" అంది.

ఈసారి వాదించలేదు. ఫోన్ పెట్టేసి, కిందికి దిగి, నాకు నేనే బత్తాయిలు కొని తెచ్చుకున్నాను.